జాగ్రత్తగా ప్లాస్టిక్‌లో పెట్టి తీసుకురండి

దుబాయ్‌లో నాలుగేళ్ళ పైచిలుకు నేను బేస్‌బాల్ ఆటగాళ్ళ వెల కట్టాను. ఆ ఆట మాత్రం ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఒకసారి పట్టుదలగా టీవీ ముందు కూర్చుని మూడు గంటలు చూశాను. ఎవరు గెలుస్తున్నారని పక్కాయన్ని అడిగితే, ఆయన నన్ను అదే అడుగుదామని ఎదురుచూస్తున్నాడట. దీనివల్ల నా ఉద్యోగానికి ఏ లోటూ రాలేదు. నా పని ఆటతో కాదు, అట్టముక్కతో.

ఈ మధ్య ఈ పనిలోకి వద్దామనుకుంటున్న పిల్లలు కొందరు ఫోన్ చేసి, అంకుల్, ఏం నేర్చుకోవాలి అని అడుగుతున్నారు. ధరలు ఎలా పెరుగుతాయో, ఏ కార్డు కొనాలో చెప్పేవాళ్ళు ఫోన్ తెరిస్తే చాలు వందమంది ఉన్నారు. నేను చెప్పగలిగింది నా తప్పుల గురించే. అవి నా సొంతవి, ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు.

ఆర్.సి. అంటే

నా చిన్నప్పుడు ఆర్.సి. అంటే మా ఊరి ఆర్.సి.ఎం. బడి. ఉద్యోగం వచ్చాక ఆర్.సి. అంటే స్కూటరు కాగితాలు. యాభై ఏడో ఏట మూడో అర్థం నేర్చుకున్నాను. బేస్‌బాల్ కార్డు మీద ఓ మూల చిన్నగా ఆర్.సి. అని ముద్ర ఉంటే అది రూకీ కార్డు. అంటే ఆ ఆటగాడు పెద్ద ఆటలోకి అడుగుపెట్టిన మొదటి ఏడాది కార్డు. అప్పటికి అతనెవరో వాళ్ళమ్మకీ కోచ్‌కీ తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. ఈ కుర్రాడు రేపు మొనగాడవుతాడని నమ్మి ఈరోజే కార్డు కొని దాచుకుంటారు. అయ్యాడా, ఆ కార్డు ధరకి కారు వస్తుంది. కాకపోతే పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకోవచ్చు. నా దగ్గర అలాంటి పేజీ గుర్తులు చాలా ఉన్నాయి.

ఇందులోకి నేను కావాలని రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రింటింగ్ ప్రెస్సుల్లో పనిచేశాను. ఆఖరి పదకొండేళ్ళు షార్జాలో, అచ్చయిన కాగితంలో తప్పులు పట్టే ఉద్యోగం. 2020లో కోవిడ్ వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, శుభలేఖలు ఆగిపోయాయి. హోటళ్ళు మెనూ కార్డులు తీసేసి బల్లల మీద క్యూఆర్ కోడ్ గళ్ళ బొమ్మ అంటించాయి. మా ప్రెస్సు మూతపడింది. అదే సమయంలో ఇళ్ళల్లో కూర్చున్న జనం అటక మీది ఆల్బమ్‌లు దించి కార్డుల వ్యాపారం మొదలుపెట్టారు. ఒక గుమ్మం మూసుకున్న నెలలోనే పక్క గుమ్మం తెరుచుకోవడం నా విషయంలో జరిగింది. అందులో నా తెలివి ఏమీ లేదు.

ఆ గుమ్మం సుహైల్‌ది. ముప్పై దాటిన ఎమిరాతీ, అమెరికాలో చదువుకుంటూ ఈ ఆట పిచ్చి అంటించుకుని వచ్చాడు. కరామాలో కార్డుల కొట్టు పెట్టాడు. అంతకుముందు అతని కొట్టు క్యాటలాగు పుస్తకం మా ప్రెస్సులో అచ్చుకి వస్తే, ఎరుపు రంగు వెంట్రుకవాసి పక్కకి జరిగిందని రెండుసార్లు వెనక్కి పంపించాను. అప్పుడు తిట్టుకున్నాడు. ప్రెస్సు మూశాక ఆ చాదస్తపు మనిషి ఎక్కడున్నాడని వెతికించి పిలిపించాడు.

మేం మాట్లాడుకునేది హిందీ, ఇంగ్లీషు కలిపి. అతను నన్ను చాచా అనేవాడు, నేను ముదీర్ అనేవాణ్ణి, అరబ్బీలో మేనేజరు అని. మొదటిరోజు రెండు కార్డులు బల్ల మీద పెట్టి, "చాచా, ఒకటి అసలు, ఒకటి నకలు. చెప్పు" అన్నాడు.

భూతద్దంతో చూశాను. బొమ్మ వంక చూడలేదు, ఆటగాడి పేరులో నల్ల అక్షరాల అంచు చూశాను. అసలుదాంట్లో అక్షరం నిండు నలుపు. నకలుదాంట్లో అక్షరం కూడా రంగురంగుల చుక్కలుగా విడిపోయి ఉంది, ఎవరో అసలు కార్డుని ఫొటో తీసి మళ్ళీ అచ్చేశారు కాబట్టి.

"ఎడమది నకలు" అన్నాను.

"ఎవరి కార్డో చూశావా?"

"చూడలేదు. ఎవరు?"

అతను నా వంక కాసేపు జాలిగా చూసి, "రేపటినుంచి రా" అన్నాడు.

చెత్తబుట్ట

మీరు నేర్చుకోవలసినవి నాలుగే: బొమ్మ నాలుగువైపులా సమానంగా మధ్యలో ఉందా, మూలలు వాడిగా ఉన్నాయా, అంచులు నలిగాయా, పైభాగం మీద గీతలున్నాయా. ఈ నాలుగూ చూసి కార్డుని అమెరికా పంపితే అక్కడివాళ్ళు పదికి మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి పంపుతారు. తొమ్మిదికీ పదికీ తేడా మామూలు కంటికి కనపడదు. ధరలో మాత్రం చాలా దూరంనుంచే కనపడుతుంది.

నా మొదటి పెద్ద తప్పు మూడోవారంలో చేశాను. ఆటగాడి పేరు అచ్చుపడని కార్డు ఒకటి చేతికొచ్చింది. ప్రెస్సులో అలాంటిది కనపడితే ఏం చేస్తామో అదే చేశాను. చెత్తబుట్టలో వేశాను. సాయంత్రం సుహైల్ మోకాళ్ళ మీద కూర్చుని, టీ కప్పుల మధ్యనుంచి దాన్ని రెండువేళ్ళతో తీశాడు. పేరు పడనివి చాలా తక్కువట, అందుకని దానికి విలువ ఎక్కువట.

"చాచా, నువ్వు తప్పులు పట్టే మనిషివని తెలుసు. పట్టాక పారేయకు, నాకివ్వు" అన్నాడు.

దానిమీద టీ మరక పడలేదు. అప్పటికి నేను పంచదార లేని టీకి మారి ఉండటం కూడా మంచిదైంది.

ముదీర్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. అతనిలో పెద్ద లోపం, మనం వాక్యం పూర్తి చేసేలోపు "ఖలాస్" అనేస్తాడు. చిన్న లోపం, ఖర్జూరం తింటూ కార్డులు పట్టుకుంటాడు. ఒక మంచి కార్డు మీద ఇప్పటికీ అతని బొటనవేలి ముద్ర ఉంది, పోలీసులకి ఎప్పుడైనా కావలిస్తే పనికొస్తుంది. గుణం ఏమిటంటే, ఖలాస్ అన్న విషయం ఖలాస్ కాలేదని రుజువు చేస్తే వెనక్కి తీసుకుంటాడు. నేను చూసిన పై అధికారులు తొమ్మిదిమందిలో ఇలాంటివాళ్ళు ఇద్దరు.

ఫోన్లో చెప్పిన నాలుగు మాటలు

2021 వేసవిలో ఒక తెలుగావిడ ఫోన్ చేసింది.

"అన్నయ్యగారా అండి? నా పేరు దయామణండి. మాది రాజోలు దగ్గరండి. కార్డుల కొట్లో మన గోదావరాయన ఉన్నారని చెప్తే చేశానండి."

దయామణి జుమేరాలో ఒక అమెరికన్ కుటుంబం ఇంట్లో తొమ్మిదేళ్ళు పనిచేసింది. ఆ ఇంటి అమ్మాయికి ఈ కార్డుల పిచ్చి. వాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోతూంటే ఆ పిల్ల తన ఆల్బమ్ తెరిచి, నీకిష్టమైంది ఒకటి తీసుకో దయా అందట. ఈవిడ, నవ్వుతున్నవాడి కార్డు తీసుకుంది. మిగతావాళ్ళందరూ కోపంగా ఉన్నారట.

"దానిమీద పేరేముందో చదవండమ్మా" అన్నాను.

చదివింది. నేను కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చున్నాను. రెండేళ్ళక్రితం ఎవరికీ పట్టని ఆ కుర్రాడి కార్డు కోసం అప్పట్లో మా కొట్టుకి వారానికి ముగ్గురు వచ్చి అడుగుతున్నారు.

"మూలన ఆర్.సి. అని ఉందా?"

"ఉందండి."

"పెన్నుతో గీతలేమైనా ఉన్నాయా?"

"ఎవరో గీకేశారండి నీలం ఇంకుతో. తుడవమంటారా?"

"వద్దు!" అన్నాను. కొట్లో ఇద్దరు కస్టమర్లు వెనక్కి తిరిగి చూశారు. అది ఆటగాడి సంతకం.

"అన్నయ్యగారండి, దీనికి ఏవన్నా వస్తాదంటారా? సంగతేంటంటేనండి, కొత్త ఇంటివాళ్ళు రెండేళ్ళకి సంతకం పెట్టమంటున్నారండి. పెట్టేశానంటే మళ్ళీ అదే వంట, అదే అంట్లండి. కరామాలో సెలూన్ ఆవిడ వీసా ఇస్తానందండి, మధ్యాహ్నాలు డ్రైవింగ్ క్లాసులకి పోనిస్తానందండి. క్లాసుల ఫీజే లేదండి నాకాడ. తొమ్మిదేళ్ళు ఆళ్ళ పిల్లల బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నానండి. ఒక్కసారి ముందు సీట్లో కూర్చోవాలండి. అదీ ఎడంపక్కన."

ఇక్కడ స్టీరింగు ఎడంపక్కనుంటుంది. ఆడవాళ్ళ కోసం ఆడవాళ్ళు నడిపే గులాబీ రంగు టాక్సీలున్నాయి. ఆవిడ కన్ను వాటిమీద ఉంది. కొత్త ఇంటివాళ్ళకి జవాబు చెప్పడానికి ఆదివారం గడువు.

శుక్రవారం తీసుకురమ్మన్నాను. జాగ్రత్తలు కూడా చెప్పాను. ఆ నాలుగు మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "చేత్తో ముట్టుకోకండి. గాలి తగలనివ్వకండి. తడి తగలనివ్వకండి. జాగ్రత్తగా ప్లాస్టిక్‌లో పెట్టి తీసుకురండి."

నాలుగూ సరైన మాటలే. ఇప్పటికీ ఏ నిపుణుణ్ణి అడిగినా ఇవే చెప్తాడు.

శుక్రవారం

దయామణి వచ్చింది. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన చుడీదారు, చేతిలో పెద్ద హ్యాండ్‌బ్యాగు. అందులోంచి ఫైలు, ఫైల్లోంచి తువ్వాలు, తువ్వాల్లోంచి కార్డు తీసి బల్లమీద పెట్టింది.

"మీరు చెప్పినట్టే చేశానండి. ఇంక గాలి కాదు కదా, ఏదీ దూరదండి."

కార్డుని లామినేషన్ చేయించింది.

మన ఇళ్ళల్లో పోకూడని కాగితానికి చేసే మర్యాద అదే. పదో తరగతి మార్కుల జాబితా, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, అన్నీ జిరాక్స్ షాపు వేడి యంత్రంలోంచి ఒకసారి బయటికి రావలసిందే. నా బి.ఎస్సీ. పట్టా కూడా మా నాన్నగారు లామినేషన్ చేయించారు. గల్ఫ్ రావడానికి అటెస్టేషన్‌కి పట్టుకెళ్తే, ప్లాస్టిక్ మీద ముద్ర పడదని వెనక్కి పంపారు. అంత అనుభవించిన నేను, సాటి తెలుగు మనిషికి ఫోన్లో ప్లాస్టిక్ అన్నాను.

ఆ పిల్ల రాసిచ్చిన ఉత్తరం కూడా తెచ్చింది, ఈ కార్డు దయాది అని. అదీ లామినేషన్ చేయించింది. రెండింటికీ కలిపి షాపువాడు తగ్గించి ఇచ్చాడట.

సుహైల్ వచ్చి కార్డు చూశాడు. ఎప్పుడూ లేంది, చేతిలో ఖర్జూరం కింద పెట్టాడు.

"ఎవరు చేశారిది?"

"నేను" అన్నాను.

"లామినేషన్ నువ్వు చేశావా?"

"నా నోరు చేసింది."

జరిగింది చెప్పాను. వేడికి జిగురు కరిగి కార్డుకి పట్టుకుంటుంది. పీకితే పైపొర, దానితోపాటు సంతకం, రెండూ ఊడొస్తాయి. పీకకపోతే పాడైన కార్డు కిందే లెక్క. ఈ సంగతి నాకంటే అతనికి ముందే తెలుసు.

"ఖలాస్, చాచా. చచ్చిపోయిన కార్డు." తర్వాత దయామణి మొహం చూసి గొంతు తగ్గించాడు. "పాపం. ఐదువందల దిర్హాములిచ్చి నేనే ఉంచుకుంటాను. గోడకి తగిలిస్తాను."

జాలితో అన్నాడు. అతనికి దాన్లో లాభం లేదు.

"ఏటంటున్నారండి?" అంది దయామణి.

జవాబు చెప్పడం ఇష్టంలేక కార్డుని భూతద్దం కింద పెట్టాను. ఈ వృత్తిలో మొహం దాచుకోవడానికి అది మంచి చోటు. అక్కడ, ఆటగాడి బొమ్మ మీద, పలచగా వెండి పూసినట్టు మెరుపు కనపడింది.

ప్రెస్సులో దీన్ని సిల్వరింగ్ అంటాం. పుస్తకం అట్టకి ప్లాస్టిక్ పొర సరిగ్గా అంటుకోకపోతే మధ్యలో కంటికి ఆనని గాలి బుడగలు మిగిలి తెల్లగా మెరుస్తాయి. పదకొండేళ్ళు దీనికోసమే అట్టలు వెనక్కి పంపించాను, ఫినిషింగ్ సెక్షనువాళ్ళ శాపాలు తిన్నాను. ఇప్పుడు కార్డు ఈ చివరినుంచి ఆ చివరిదాకా సిల్వరింగ్. అంటే పొర కార్డుకి అంటలేదు. దేనికో అంటింది, కార్డుకి కాదు.

"దయామణిగారూ, షాపువాడు లోపల ఏం పెట్టాడు?"

"కార్డేనండి. ఆ పిల్ల కార్డేసిచ్చిన గట్టి కవరు మిషన్లో పట్టదని తీసేశాడండి. లోపల పల్చటి కవరుంటే అదీ తీసేస్తానన్నాడు. నేనొప్పుకోలేదండి. గొడవెట్టుకున్నాను. చేత్తో ముట్టుకోవద్దని మీరే కదండి చెప్పారు!"

పొర అంటింది ఆ పల్చటి కవరుకే. నా నాలుగో మాట ఆ కార్డుని చంపింది. మొదటి మాట బతికించింది. సగటున నా సలహా పరవాలేదు.

ముదీర్ ఐదువందలు అప్పటికే బల్లమీద పెట్టేశాడు. నేను నోరు మూసుకుంటే కొట్టుకి ఆ ఏడాదిలో అంతటి బేరం మరొకటి రాదు. ఆవిడ తీసుకుని, దండం పెట్టి, ఆదివారం సంతకం పెట్టేది. ముగ్గురిలో ఒక్కరికి కూడా తాము తప్పు చేశామని అనిపించేది కాదు, నాకు తప్ప.

"ముదీర్, డబ్బు తీసెయ్. నువ్వు జాలిపడే పరిస్థితి ఇంకా రాలేదు" అన్నాను.

పిల్లలూ, ఈ ఒక్కటి గట్టిగా చెప్తాను. వెలకట్టేవాడికి తెలిసిన సంగతి అమ్మేవాళ్ళకి చెప్పకుండా కొనడం దొంగతనమే. దానికి కేసులు ఉండవు, అంతే తేడా.

కోత

సుహైల్ భూతద్దంలో చూశాడు. చూసి, "ఖలాస్ కాదు" అన్నాడు. తలుపుకి మూసి ఉందన్న బోర్డు తిప్పాడు. గాలికి ఏదీ కదలకూడదని ఏసీ ఆపేశాడు. జులై నెల దుబాయ్‌లో ఏసీ ఆపడం ఎంత పెద్ద మనసో ఇక్కడున్నవాళ్ళకి తెలుస్తుంది.

పల్చటి కవరు కార్డుకంటే పైవైపు ఓ మూడు మిల్లీమీటర్లు పొడవు. ఆ మూడింటి మధ్యలో అడ్డంగా కోయాలి. కోత మరీ కిందికి పడితే కత్తి కార్డు అంచుకి తగులుతుంది. అంచు కోసిన కార్డుని అమెరికాలో మోసం కింద లెక్కేసి తిప్పి పంపుతారు. మరీ పైకి పడితే జిగురు విడవదు.

"అన్నయ్యగారండి, కత్తి జారదు కదండి?" అంది దయామణి.

"ఇరవై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో జారలేదమ్మా."

"ఇప్పుడు జారితేనండి?"

"మీరు కాస్త ప్రార్థన చేసుకోండి."

"బయల్దేరినకాణ్ణుంచి అదే పనిలో ఉన్నానండి."

స్టీలు బద్ద ఆనించి, ప్రెస్సు కత్తితో ఒక్కసారే లాగాను. రెండోసారి లాగాల్సి వస్తే చేతికి అనుమానం వస్తుంది. పైభాగం సన్నటి దారంలా ఊడింది. కార్డుని తలకిందులుగా పట్టుకుని అరచేతిలో తట్టాను. రాలేదు. మళ్ళీ తట్టాను. వేడికి కార్డు కవరుకి అక్కడక్కడ కరుచుకుంది. సుహైల్ అరబ్బీలో ఏదో గొణుగుతున్నాడు, అటుపక్క ఈవిడ తెలుగులో. రెండు భాషల్లోనూ ఒకే విన్నపం అనుకుంటాను. నాలుగోసారి తట్టాక కార్డు నెమ్మదిగా, మాకందరికీ ఉపకారం చేస్తున్నట్టు, బయటికి జారింది.

కొంచెం వంగింది, నూనెలో వేయబోయే అప్పడంలా. సంతకం చెక్కుచెదరలేదు. నాలుగు మూలలూ ఉన్నాయి.

"నవ్వుతానే ఉన్నాడండి" అంది దయామణి.

ముదీర్ ఏసీ వేశాడు. తర్వాత లోపలికెళ్ళి, కార్డు అమ్మాక పట్టుకునేలా, డ్రైవింగ్ క్లాసుల ఫీజుకి సరిపడా అడ్వాన్సు తెచ్చి ఇచ్చాడు. మార్కులు తక్కువొస్తే ఏం చేస్తావని నేను అడగబోతే, వాక్యం మధ్యలోనే ఖలాస్ అన్నాడు. ఆ ఒక్కసారి ఆ అలవాటుని క్షమించాను. ఆదివారం దయామణి సంతకం పెట్టింది, సెలూన్ కాగితాల మీద.

ఎనిమిది

కార్డు అమెరికా వెళ్ళి తిరిగి రావడానికి నెలలు పట్టింది. ప్రపంచమంతా అప్పుడు అక్కడికే కార్డులు పంపుతోంది. ఈలోపు దయామణి రోడ్డు టెస్టు మూడుసార్లు తప్పింది. ప్రతిసారీ ఫోన్ చేసేది.

"ఈసారి ఏమైందమ్మా?"

"పార్కింగండి. మనిషికి ముందుకెళ్ళడం నేర్పుతారు గానండి, ఎనక్కెళ్ళడం ఎందుకండి అసలు?"

కార్డుకి ఎనిమిది వచ్చింది, సంతకానికి పది. వంపు వల్ల పోయిన మార్కులు నా ఖాతాలోవి. అబూధాబీలో పనిచేసే ఒక జపాన్ ఇంజనీరు కొన్నాడు. ఎనిమిదే ఎందుకొచ్చిందని అడిగితే, ఫోన్ దగ్గర్నుంచి కోత దాకా మొత్తం చెప్పాను. శ్రద్ధగా విని, ఆ లామినేషన్ తొడుగు కూడా ఇస్తారా అన్నాడు. ఇచ్చాం. దయామణి అడ్వాన్సు తీర్చేసి, మిగిలినదాన్ని ఏం చేసిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఐదో ప్రయత్నంలో టెస్టు పాసయ్యానని మాత్రం అరిచి చెప్పింది. ఆ అరుపుకి ఫోన్ అవసరం లేదు.

ఆ తర్వాత కొట్టుకి ఎవరు ఫోన్ చేసినా మొదట చెప్పవలసిన మాట రాసి గోడకి అంటించాను: లామినేషన్ చేయించకండి. కొత్తగా చేరిన ఫిలిప్పీన్స్ అమ్మాయి అది చూసి, కార్డుని లామినేషన్ ఎవరు చేయిస్తారు సార్ అని నవ్వింది. ఆ అమ్మాయికి అప్పటికి ఇంకా మనవాళ్ళనుంచి ఫోన్లు రాలేదు.

నేను కిందటేడు రిటైరయ్యాను. మా ఆవిడ ఇంకా ఇక్కడి బడిలో లెక్కలు చెప్తోంది కాబట్టి ఆవిడ వీసా మీద ఉంటున్నాను. అంటే ఇప్పుడు నా కఫీల్, వీసాకి పూచీ ఉండే యజమాని, మా ఆవిడే. అంతకుముందు కూడా పరిస్థితి ఇంతే, కాగితం మీద లేదు.

మొన్న మధ్యాహ్నం కరామాలో మా ఇంటి మెట్లు దిగి, మందుల షాపుకెళ్ళడానికి కింద బస్‌స్టాపులో నిలబడ్డాను. ఎండ సంగతి చెప్పను. గులాబీ టాక్సీ ఒకటి వచ్చి నా ముందు ఆగింది. అద్దం దిగింది. ఎడంపక్క సీట్లో, యూనిఫారంలో, దయామణి.

"అన్నయ్యగారండీ! ఎండలో మాడిపోతన్నారేంటండీ?"

తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"ఆగండాగండి!" అంది. "ఇది లేడీస్ టాక్సీ అండి. మగోళ్ళని ఒక్కళ్ళనీ ఎక్కించుకోకూడదండి. రూలండి. ఏవీ అనుకోకండి."

"నన్ను కూడానా?"

"మిమ్మల్ని కూడానండి. వదినగారుంటే ఎక్కొచ్చండి. ఫ్యామిలీ అయితే పర్లేదు."

వెనకనుంచి బస్సు హారన్ కొట్టింది. ఆవిడ దానికి దారిస్తూ కాస్త ముందుకెళ్ళి, అద్దంలో ఒకసారి చూసుకుని, టాక్సీని నెమ్మదిగా వెనక్కి పోనిచ్చి, నా పక్కనున్న సందులో గీత మీద గీత పెట్టినట్టు నిలిపింది. "ఎల్లి పిలుచుకురండి. మీటరెయ్యను, ఆగుతాను" అంది.

మందుల సంగతి మర్చిపోయి మెట్లెక్కాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న మా ఆవిడతో, త్వరగా చెప్పులేసుకో అన్నాను.

"ఎక్కడికి?"

"టాక్సీలోకి" అన్నాను.